మన్యం కాఫీ, బ్రస్సెల్స్ చట్టం: రుజువు భారం ఎవరిది?

తోట పెంచడం ఒక పని. ఆ తోట ఎక్కడ ఉంది, ఏ సంవత్సరంలో నాటినది, ఏ హక్కుతో సాగవుతున్నది అనే విషయాలను రాతపూర్వకంగా రుజువు చేయడం మరొక పని. మొదటి పనిలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కాఫీ బోర్డు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు దశాబ్దాలుగా రైతుకు తోడుగా నిలిచాయి. రెండవ పనిని మనం ఇంతవరకు శాస్త్రవేత్తల పనిగా భావించలేదు. అది రెవెన్యూ శాఖ పని అనీ, ఎగుమతిదారు పని అనీ అనుకున్నాము. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన అటవీ నిర్మూలన నిరోధక చట్టం ఈ విభజనను చెరిపివేసింది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండవాలుల్లో ఎకరం, రెండెకరాల కాఫీ సాగుచేసే గిరిజన కుటుంబం పేరు కూడా వినని ఒక శాసనం, ఆ కుటుంబపు పంటకు మార్కెట్టు ఉంటుందో లేదో నిర్ణయించే స్థితికి వచ్చింది.

ఇటువంటి శాసనం ప్రభుత్వాలపైన, వ్యాపార సంస్థలపైన, సంఖ్యాబలం లేని జనసముదాయాలపైన ఒకే తీరున పనిచేయదు. ప్రభుత్వం సంప్రదింపులు జరపగలదు, వ్యాపార సంస్థ ఖర్చును మరొకరికి బదిలీ చేయగలదు, గొలుసులో చిట్టచివర ఉన్న చిన్న రైతుకు ఈ రెండు దారులూ లేవు. కనుక ఆ రైతు తరఫున రుజువును సిద్ధం చేయవలసిన బాధ్యత ప్రభుత్వ వ్యవస్థది, అందులో భాగంగా విస్తరణ విభాగానిది అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

దేశాతీత చట్టం – సభ్యదేశాల స్థితి

సాధారణ అంతర్జాతీయ ఒప్పందం దేశాల మధ్య వాగ్దానం. ఒక దేశం దానిపై సంతకం చేసినా, తన చట్టసభ ద్వారా అమలుకు తెచ్చేవరకు పౌరులపై దాని ప్రభావం పరిమితమే. దేశాతీత చట్టం స్వభావం వేరు. సభ్యదేశాలు తమ అధికారంలో కొంత భాగాన్ని ఉమ్మడి వ్యవస్థకు అప్పగించిన తరువాత, ఆ వ్యవస్థ చేసిన శాసనం దేశీయ చట్టసభ ప్రమేయం లేకుండానే పౌరులకూ సంస్థలకూ వర్తిస్తుంది. యూరోపియన్ న్యాయస్థానం 1963లో వాన్ గెండ్ ఎన్ లూస్ కేసులో ప్రత్యక్ష ప్రభావ సూత్రాన్ని, 1964లో కోస్టా కేసులో ఉమ్మడి చట్టానికి దేశీయ చట్టంపై ప్రాధాన్యం ఉంటుందన్న సూత్రాన్ని స్థిరపరచింది. యూనియన్ శాసనాల్లో ‘డైరెక్టివ్’ ఒక లక్ష్యాన్ని నిర్దేశించి, దానిని చేరే మార్గాన్ని సభ్యదేశానికి వదిలిపెడుతుంది. ‘రెగ్యులేషన్’ మాత్రం ఉన్నది ఉన్నట్లుగా అన్ని సభ్యదేశాల్లోనూ అమలవుతుంది. అటవీ నిర్మూలన నిరోధక చట్టం రెండవ కోవకు చెందినది.

సభ్యదేశపు వ్యవసాయ విధానాన్ని ఈ ప్రాధాన్యం ఎంతగా కట్టడి చేయగలదో చక్కెర బీటు ఉదంతం చూపుతుంది. తేనెటీగలకు హాని కలుగుతున్నదన్న కారణంతో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయోమిథాక్సామ్ మందులను ఆరుబయట పొలాల్లో వాడకుండా యూనియన్ 2018లో నిషేధించింది. 2020లో ఫ్రాన్స్‌లో పేనుబంక ద్వారా వ్యాపించే పసుపు తెగులు వైరస్‌లు బీటు పంటను తీవ్రంగా దెబ్బతీశాయి. ఫ్రెంచి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, బీటు విత్తనశుద్ధికి తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. అయితే బెల్జియం నుంచి వచ్చిన ఒక కేసులో 2023 జనవరి 19న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెబుతూ, యూనియన్ స్పష్టంగా నిషేధించిన మందుతో శుద్ధిచేసిన విత్తనాలకు అత్యవసర అనుమతి పేరిట కూడా సభ్యదేశాలు మినహాయింపు ఇవ్వరాదని నిర్ణయించింది. విత్తే కాలం దగ్గరపడుతున్న తరుణంలో ఫ్రెంచి ప్రభుత్వం ఆ సంవత్సరపు మినహాయింపును విరమించుకోవలసి వచ్చింది. ఫ్రాన్స్ యూనియన్ వ్యవస్థాపక దేశాల్లో ఒకటి, దాని వ్యవసాయంలో అగ్రగామి. అటువంటి దేశానికే ఆ తీర్పు ముందు మరో మార్గం లేకపోయింది.

సరిహద్దు దాటిన శాసనం

సభ్యత్వం లేని దేశాలపై యూనియన్ చట్టానికి అధికారం లేదు. కానీ యూనియన్ మార్కెట్టుపై దానికి పూర్తి అధికారం ఉంది. ఆ మార్కెట్టులోకి వచ్చే సరుకుకు షరతు విధిస్తే, సరుకు పండే నేలకు కూడా ఆ షరతు చేరుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయ న్యాయాచార్యురాలు అనూ బ్రాడ్‌ఫర్డ్ 2012లో దీనికి ‘బ్రస్సెల్స్ ప్రభావం’ అని పేరు పెట్టారు.

వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఇది అవశేష పరిమితుల రూపంలో పరిచయమే. అగ్గితెగులు నివారణకు వాడే ట్రైసైక్లజోల్ అవశేష పరిమితిని బియ్యంలో కిలోకు 0.01 మిల్లీగ్రాముకు యూనియన్ 2017లో తగ్గించగా, బాస్మతి సాగుచేసే రాష్ట్రాలు తమ సస్యరక్షణ సిఫారసులను పునఃపరిశీలించుకోవలసి వచ్చింది. అయినా అక్కడ హేతువు వినియోగదారుని ఆరోగ్యం. 2023 ఫిబ్రవరిలో క్లోథియానిడిన్, థయోమిథాక్సామ్ అవశేష పరిమితులను తగ్గించినప్పుడు చూపిన హేతువు వేరు. ప్రపంచంలో ఎక్కడైనా సరే పరాగసంపర్క కీటకాలను కాపాడడమే ఆ మార్పు ఉద్దేశమని చట్టమే చెప్పింది. అంటే దిగుమతి అయిన సరుకులో ఏముంది అనే ప్రశ్నతో ఆగక, ఆ సరుకు పండిన చోట ఏమి జరిగింది అనే ప్రశ్న కూడా చట్టం పరిధిలోకి వచ్చింది.

అటవీ నిర్మూలన నిరోధక చట్టం ఇదే దారిలో మరింత ముందుకు వెళ్ళింది. పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప అనే ఏడు సరుకులకూ, వాటినుంచి తయారైన నిర్దిష్ట ఉత్పత్తులకూ ఇది వర్తిస్తుంది. మూడు షరతులు ఉన్నాయి. ఒకటి, 2020 డిసెంబరు 31 తరువాత అడవిని నరికి సాగులోకి తెచ్చిన భూమిలో ఆ సరుకు పండి ఉండకూడదు. రెండు, పండిన దేశపు చట్టాలకు అనుగుణంగా పండి ఉండాలి. భూమి వినియోగ హక్కులు, అటవీ నియమాలు, కార్మిక హక్కులు, మూలవాసుల ముందస్తు సమ్మతి సూత్రం ఈ చట్టాల పరిధిలోకి వస్తాయి. మూడు, ఈ రెంటినీ పరిశీలించినట్లు యూనియన్‌లోని దిగుమతిదారు బాధ్యతతో ప్రకటన దాఖలు చేయాలి. పంట పండిన ప్రతి కమతం భౌగోళిక స్థానం అందులో ఉండాలి. ఉల్లంఘనకు సభ్యదేశాలు విధించే గరిష్ఠ జరిమానా, యూనియన్‌లో ఆ సంస్థ వార్షిక టర్నోవరులో 4 శాతానికి తగ్గకూడదు.

మొదట 2024 డిసెంబరు 30 నుంచి అమలు కావలసిన ఈ చట్టం రెండుసార్లు వాయిదా పడింది. 2025 డిసెంబరులో చేసిన సవరణ ప్రకారం పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబరు 30, సూక్ష్మ, చిన్న సంస్థలకు 2027 జూన్ 30 గడువులు. వాయిదాలు చూసి ఈ చట్టం తనంతట తానే అటకెక్కుతుందని ఆశించడం వివేకం కాదు. సవరణలు ప్రధానంగా యూనియన్ లోపలి సంస్థల కాగితపు పనిని తగ్గించాయి. కమతం స్థానం, భూమి హక్కు అనే రెండు మూల ప్రశ్నలు చట్టంలో అలాగే ఉన్నాయి.

వ్యాపార సంస్థ లెక్క

2025 మే నెలలో యూనియన్ ప్రకటించిన దేశాల వర్గీకరణలో భారతదేశం తక్కువ ముప్పు ఉన్న దేశాల జాబితాలో ఉంది. ఇది మంచి వార్తే. తక్కువ ముప్పు దేశాల సరుకు తెచ్చే సంస్థల్లో ఏటా 1 శాతాన్ని తనిఖీ చేస్తే చాలు. సాధారణ వర్గంలో 3 శాతం, ఎక్కువ ముప్పు వర్గంలో 9 శాతం తనిఖీ జరగాలి. తక్కువ ముప్పు దేశపు సరుకుకు దిగుమతిదారు ముప్పు అంచనా, నివారణ చర్యలు విడిగా చేయనవసరం లేదు. అయితే సమాచార సేకరణ నుంచి మినహాయింపు లేదు. కమతం అక్షాంశ రేఖాంశాలు కనీసం ఆరు దశాంశ స్థానాల వరకు ఇవ్వవలసిందే.

ఇక్కడే వ్యాపార సంస్థ లెక్క మొదలవుతుంది. ఒక రైతు కుటుంబానికి ఏడాదికి 200 కిలోల కాఫీ గింజ వస్తుందని అనుకుందాము. 19 టన్నుల కంటైనరు నింపడానికి దాదాపు 95 కుటుంబాల పంట కావాలి. కొడగులోనో చిక్కమగళూరులోనో ఒక పెద్ద ఎస్టేటు అదే కంటైనరును ఒంటరిగా నింపగలదు. ఎస్టేటుకు ఒక సరిహద్దు పటం, ఒక హక్కు పత్రం చాలు. మన్యం సరుకుకు 95 స్థానాలు, 95 పత్రాలు కావాలి. పైగా మూలం తెలిసిన సరుకును తెలియని సరుకుతో కలపడాన్ని చట్టం అంగీకరించదు. వారపు సంతలో చిల్లర వ్యాపారి కొన్న ఒక్క బస్తా వివరాలు లేకపోయినా, అది కలిసిన సరుకు మొత్తం ప్రశ్నార్థకమవుతుంది.

ఈ పరిస్థితిలో లాభనష్టాలు బేరీజు వేసుకునే సంస్థ ఏమి చేస్తుంది? అడవిని నరికిన రైతును వెతికి వదిలేయడం దానికి కష్టం. వివరాలు లేని రైతును వదిలేయడం సులభం. చట్టం ఉద్దేశించినది మొదటిది, ఆచరణలో జరగబోయేది రెండవది. తప్పు చేసినవాడు కాక, తప్పు చేయలేదని చూపలేనివాడు మార్కెట్టు నుంచి తొలగిపోతాడు. చట్టం పాఠంలో చిన్న రైతుపై వివక్ష ఎక్కడా లేదు. రుజువుకయ్యే ఖర్చు కమతానికి ఇంత అని ఉండి, రాబడి కిలోకు ఇంత అని ఉన్నప్పుడు, కమతం చిన్నదయ్యేకొద్దీ కిలోపై పడే భారం పెరగడమే ఇందులోని చిక్కు.

మినహాయింపు ఉండీ నష్టపోయినవారు

‘చిన్న సముదాయాలకు చట్టంలోనే మినహాయింపు ఇస్తే సరిపోదా?’ అని విద్యార్థులు అడుగుతుంటారు. దీనికి ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి ఒక సమాధానం ఉంది. 2009లో యూనియన్ సీల్ జంతువుల ఉత్పత్తుల వ్యాపారాన్ని నిషేధించింది. వాణిజ్య వేటలోని క్రూరత్వంపై ప్రజల్లో వచ్చిన ఆగ్రహం దానికి కారణం. జీవనాధారంగా సీల్ వేటపై ఆధారపడిన ఇన్యూయిట్ మూలవాసులకు చట్టం మినహాయింపు ఇచ్చింది. అయినప్పటికీ నిషేధం వల్ల కొనుగోలుదారులు మొత్తం సరుకుకే దూరమయ్యారు. మినహాయింపు పొందడానికి కావలసిన ధ్రువీకరణ వ్యవస్థ గ్రీన్‌లాండ్‌కు ఉన్నందున అది కొంత ప్రయోజనం పొందగలిగింది. కెనడా ఇన్యూయిట్‌కు చాలాకాలం ఆ అవకాశం అందలేదు.

ఇన్యూయిట్ సంఘాలు యూరోపియన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, ఆ శాసనాన్ని నేరుగా సవాలు చేసే అర్హత వారికి లేదని 2013లో తుది తీర్పు వచ్చింది. కెనడా, నార్వే ప్రభుత్వాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదం లేవనెత్తాయి. నిషేధం ప్రజానైతికత రీత్యా సమర్థనీయమే గాని, మూలవాసుల మినహాయింపును అమలుచేసిన తీరు కెనడా ఇన్యూయిట్ పట్ల వివక్షగా పరిణమించిందని 2014లో అప్పీలు సంఘం తేల్చింది. 2015లో యూనియన్ చట్టాన్ని సవరించింది.

ఈ ఉదంతం నుంచి గ్రహించవలసినవి రెండు. మొదటిది, దేశాతీత చట్టం వల్ల నష్టపోయిన సముదాయానికి ఆ చట్టం చేసిన చోట నేరుగా వాదించుకునే తలుపు సాధారణంగా ఉండదు. ఆ సముదాయం ఏ దేశంలో ఉందో ఆ దేశ ప్రభుత్వమే వారి గొంతు కావాలి. రెండవది, కాగితం మీది మినహాయింపు ధ్రువీకరించే యంత్రాంగం ఉన్నచోటనే ఫలిస్తుంది. గ్రీన్‌లాండ్‌కూ కెనడాకూ మధ్య తేడా అదే.

మన్యం ముందున్న రెండు ప్రశ్నలు

పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల్లో సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు, అంతకు పైబడిన ఎత్తులో, సుమారు లక్ష హెక్టార్లలో కాఫీ విస్తరించి ఉంది. బగత, కొండదొర, వాల్మీకి, ఖోండు, పోర్జ, గదబ తదితర తెగల కుటుంబాలు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగలతో కలిపి దీనిని సాగుచేస్తున్నాయి. పోడుకు ప్రత్యామ్నాయంగా, కొండవాలుపై చెట్టును నిలిపే పంటగా మనమే దీనిని ప్రోత్సహించాము. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. భారత కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతి అవుతుంది. ఇటలీ, జర్మనీ, బెల్జియం దాని ప్రధాన గమ్యాలు. అడవిని నిలబెట్టిన పంట అడవి పేరిట చేసిన చట్టం కింద ఇబ్బంది పడితే అది చట్టం లక్ష్యానికే విరుద్ధం.

మొదటి ప్రశ్న తోట స్వరూపానికి సంబంధించినది. అర హెక్టారుకు మించిన విస్తీర్ణంలో, 5 మీటర్లకు పైబడి ఎదిగిన చెట్లు, 10 శాతానికి మించిన పైకప్పు ఉన్న భూమి అడవి అని చట్టం నిర్వచించింది. వ్యవసాయ వినియోగంలో ఉన్న భూమినీ, చెట్ల నీడలో పంట పండించే తోటలనూ ఈ నిర్వచనం నుంచి మినహాయించింది. నిర్వచనం మనకు అనుకూలమే. కానీ ఉపగ్రహ చిత్రం పైకప్పును చూస్తుంది, దాని కింది కాఫీ మొక్కను చూడదు. యూనియన్ ఉమ్మడి పరిశోధన కేంద్రం 2020 సంవత్సరానికి రూపొందించిన ప్రపంచ అటవీ పటానికి చట్టబద్ధత లేదు, అది కేవలం ఆధార సామగ్రి. అయినా దిగుమతిదారు ముందుగా చూసేది అటువంటి పటాలనే. 2020 నాటికే కాఫీ ఉన్న తోట పటంలో అడవిగా కనిపించి, ఆ తరువాత రైతు ముదిరిన సిల్వర్ ఓక్ చెట్లు అమ్ముకున్నా, తుపానుకు చెట్లు కూలినా, అది అటవీ నిర్మూలనగా నమోదయ్యే ప్రమాదం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ తోటల నీడచెట్లను ఎలా నేలకూల్చిందో చూసినవారికి ఇది ఊహాజనిత ప్రమాదం కాదని తెలుసు.

దీనికన్నా క్లిష్టమైనది పోడు బీడు విషయం. ప్రస్తుతం ఆ ఎత్తు, ఆ పైకప్పు లేకపోయినా, అక్కడే ఎదిగి ఆ పరిమితులను చేరగల చెట్లున్న భూమి కూడా అడవేనని నిర్వచనం చెబుతుంది. కొన్నేళ్లుగా విడిచిపెట్టిన పోడు భూమిలో మొలకెత్తి ఎదుగుతున్న చెట్లు దీని కిందికి వస్తాయా? ఆ భూమిలో 2021 తరువాత కాఫీ నాటితే అది పాత సాగు కొనసాగింపా, అటవీ మార్పిడా? కొత్త తోటల విస్తరణకు సిఫారసు చేసే ముందు ఈ ప్రశ్నకు శాస్త్రీయంగా సమాధానం వెతకవలసినది మనమే.

రెండవ ప్రశ్న హక్కుకు సంబంధించినది. ఇక్కడ తప్పు బ్రస్సెల్స్ మీదికి నెట్టడానికి వీలులేదు. ఐదవ షెడ్యూలు, గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటో నిబంధన, 1996 నాటి పెసా చట్టం, 1997 నాటి సమత తీర్పు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం అన్నీ మన సొంత వాగ్దానాలు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండా, గిరిజన కుటుంబానికి హక్కు పత్రం ఇవ్వాలని అటవీ హక్కుల చట్టం చెప్పింది. గ్రామసభ ద్వారా క్లెయిము, సరిహద్దుల పరిశీలన, దంపతుల ఉమ్మడి పేరిట పత్రం, ఈ క్రమమంతా చట్టంలోనే ఉంది. పత్రంలోని విస్తీర్ణానికీ క్షేత్రంలోని తోటకూ పొంతన కుదరని సందర్భాలు, క్లెయిము ఏళ్ల తరబడి పెండింగులో ఉన్న సందర్భాలు మన విస్తరణ సిబ్బందికి కొత్త కాదు. నీ భూమి ఎక్కడ, నీ హక్కు ఏది అని ఈ రోజు బ్రస్సెల్స్ అడుగుతున్న రెండు ప్రశ్నలకూ సమాధానం ఇవ్వవలసినదిగా మన చట్టం మన యంత్రాంగాన్ని ఎప్పుడో ఆదేశించింది.

ఒక అనుకూల అంశాన్ని కూడా గమనించాలి. యూనియన్ చట్టం ప్రకారం 4 హెక్టార్లకు మించిన కమతానికి మాత్రమే సరిహద్దు మొత్తాన్ని బహుభుజిగా చూపాలి. అంతకు లోబడిన కమతానికి ఒక్క బిందువు స్థానం చాలు. అటవీ హక్కుల పత్రం కింది వ్యక్తిగత కమతం ఏదీ 4 హెక్టార్లు మించదు. కనుక సాంకేతికంగా మన రైతుపై పడే భారం తక్కువే. మనల్ని ఆపుతున్నది సాంకేతిక కష్టం కాదు.

రెండు అభ్యంతరాలు

ఇది పర్యావరణం ముసుగులో రక్షణవాదమని మొదటి అభ్యంతరం. తమ అడవులను శతాబ్దాల క్రితమే సాగుభూములుగా మార్చుకున్న దేశాలు, 2020ని హద్దుగా గీసి ఇతరులకు షరతులు పెట్టడంలో అసమానత ఉందనడం అన్యాయమైన మాట కాదు. ఈ వాదనను మన ప్రభుత్వం వాణిజ్య వేదికలపై వినిపించాలి. కాని వాదన గెలిచేవరకు పని ఆపవచ్చునా? రొయ్యలు–తాబేళ్ల వివాదం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. సముద్ర తాబేళ్లను కాపాడే పరికరం వాడని దేశాల రొయ్యలను అమెరికా నిషేధించగా భారతదేశం, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేశాయి. 1998లో అప్పీలు సంఘం అమెరికా చట్టాన్ని అమలుచేసిన తీరును తప్పుపట్టింది, కాని తాబేళ్ల రక్షణ లక్ష్యాన్ని సమర్థించింది. అమెరికా తన మార్గదర్శకాలను సవరించింది. 2001లో, మలేషియా మళ్లీ అభ్యంతరం చెప్పినప్పుడు, సవరించిన విధానం సమ్మతమేనని తేలింది. అంటే గెలిచిన దేశాల రొయ్యలకు కూడా పరికరం అవసరం తొలగిపోలేదు. వాదన వల్ల సాధించగలిగినది అమలులో న్యాయం. షరతునే ఎత్తివేయించడం చాలా అరుదు.

కాఫీకి ఇతర మార్కెట్లు ఉన్నాయి కదా, వాటిని వెతుక్కుందాము అన్నది రెండవ అభ్యంతరం. దేశీయ వినియోగం పెరగడం హర్షణీయమే. అయితే ఒక పెద్ద కొనుగోలుదారు తప్పుకున్నప్పుడు ధర తగ్గేది ముందుగా వివరాలు లేని సరుకుకే. ఆ తగ్గుదలను భరించేది ఎస్టేటు కాదు, సంతలో పార్చ్‌మెంటు అమ్ముకునే కుటుంబం.

విస్తరణ విభాగం చేయదగినవి

మొదటిది, సాగు పద్ధతుల సిఫారసుల్లో ‘తోట దస్త్రం’ ఒక అంశంగా చేరాలి. తోట స్థాన బిందువు, నాటిన సంవత్సరం, నీడచెట్ల జాతులు, సంఖ్య, హక్కు పత్రం వివరం, చెట్లు నరికినా కూలినా ఆ తేదీ, కారణం, ఛాయాచిత్రం ఇందులో ఉండాలి. ఎరువుల మోతాదు చెప్పడానికి తోటకు వెళ్ళే సిబ్బందే దీనినీ నింపగలరు. కాఫీ బోర్డు చేపట్టిన సాగుదారుల నమోదుతో ఇది అనుసంధానం కావాలి, సమాంతరంగా మరొకటి పుట్టకూడదు.

రెండవది, నీడతోటకూ సహజ అడవికీ మధ్య తేడాను క్షేత్రస్థాయి ఆధారాలతో చూపే 2020 నాటి ఆధార పటం మన్యానికి కావాలి. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఆర్.వి. నగర్ కాఫీ పరిశోధన కేంద్రం, దూరగ్రహణ నిపుణులు కలిసి చేయదగిన పని ఇది. పాత నర్సరీ రికార్డులు, మొక్కల పంపిణీ జాబితాలు నాటిన సంవత్సరానికి సాక్ష్యాలు. అవి చెదలు పట్టకముందే అంకీకరించాలి. విమర్శకు నిలిచే పద్ధతిలో ప్రచురితమైన పటం ఉంటే, ప్రపంచ పటంలోని పొరపాటును మన ప్రభుత్వం సాధికారంగా ఎత్తిచూపగలదు.

మూడవది, కొత్త తోటల విస్తరణకు లక్ష్యాలు నిర్ణయించే ముందు భూమి చరిత్రను పరిశీలించాలి. పోడు బీడులో కాఫీ నాటించి, ఐదేళ్ల తరువాత అది ఎగుమతికి పనికిరాదని చెప్పే పరిస్థితి రాకూడదు.

నాలుగవది, రుజువు ఖర్చు గింజ ధరలో కోతగా మారకూడదు. సమాచారంపై మొదటి హక్కు రైతుది. స్థానిక భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి, ఒక ప్రతి రైతు వద్ద, ఒక ప్రతి గ్రామసభ వద్ద ఉండాలి. ఒక కొనుగోలుదారు సేకరించిన స్థాన వివరాలు అతని సొంత ఆస్తిగా మారితే, రైతు మరొకరికి అమ్ముకునే స్వేచ్ఛ కోల్పోతాడు. రుజువు పేరిట కొత్త తరహా కట్టుబానిసత్వం ఏర్పడకుండా చూడడం కూడా విస్తరణ ధర్మమే.

ఐదవది, స్నాతక, స్నాతకోత్తర పాఠ్యక్రమంలో అవశేష పరిమితులు, మూల నిర్ధారణ, భూహక్కులు ఒకే అధ్యాయంగా రావాలి. మన విద్యార్థి మట్టి నమూనా తీయగలడు, హక్కు పత్రం చదవలేడు. రేపటి విస్తరణ శాస్త్రవేత్తకు రెండూ కావాలి.

కొన్నేళ్ల క్రితం విద్యార్థులతో కలిసి ఒక కొండగూడెంలో తోటల స్థానాలు నమోదు చేస్తున్నప్పుడు ఒక వృద్ధ రైతు ఫోనులోని అంకెలను చాలాసేపు చూసి, “ఈ నంబరు మీకిస్తే, రేపు ఎవరన్నా వచ్చి ఈ తోట నీది కాదంటారా సారూ?” అని అడిగారు. నా వద్ద ఆయనకు నమ్మకంగా చెప్పగల సమాధానం లేదు. ఆయన క్లెయిము అప్పటికి ఇంకా తేలలేదు. అంకెలు తీసుకోవడం మాకు పది నిమిషాల పని అయింది. ఆ అంకెల పక్కన హక్కు పత్రం సంఖ్య రాయవలసిన గడి ఖాళీగా మిగిలింది.

ఆ గడిని నింపడం యూరోపియన్ యూనియన్ పని కాదు, ఎగుమతిదారు పని అంతకన్నా కాదు. గడువులు మరోసారి మారవచ్చు, నిబంధనలు సడలవచ్చు, కాఫీ స్థానంలో రేపు మరో పంట రావచ్చు. గడువు ముగిసేలోగా ఎన్ని తోటలకు దస్త్రాలు సిద్ధమయ్యాయి, ఎన్ని క్లెయిములు తేలాయి అన్నదే మన సన్నద్ధతకు కొలమానం. ఈ పని వచ్చే పంటకాలం నుంచే మన పరిశోధన స్థానాల కార్యక్రమంలో చేరాలని నా మనవి.